చెయ్యి కావాలి, నోరొద్దు

"గవర్నమెంటు సొమ్ముతో లండన్ చూసొచ్చావు, నీకేం తల్లీ!"

స్టాఫ్ రూములో అందరూ ఉండగా అన్నదామె. క్యారియర్ విప్పుకుంటూ నవ్వుతూనే అన్నది. నవ్వుతూ అన్న మాటకి కోపం తెచ్చుకుంటే మనకే మర్యాద తెలీదంటారు. అందుకని ఆరోజు నేనూ నవ్వాను. ఆ నవ్వు ఇంకా నా గొంతులో అడ్డం పడే ఉంది. దాన్ని ఉమ్మేద్దామనే ఇవాళ ఈ కాగితాలు పట్టుకున్నా.

ఆమె కొడుకులిద్దరూ అమెరికాలో ఉన్నారు. పొలం అమ్మి పంపించారు. ఆ పొలంలో నాట్లేసిందెవరు, కోతలు కోసిందెవరు, కల్లంలో కాపలా పడుకున్నదెవరు అని నేనెప్పుడూ అడగలేదు. తాతలిచ్చిన పొలంతో పోతే అది సొంత డబ్బు. ప్రభుత్వం ఇచ్చిన స్కాలర్‌షిప్పుతో పోతే అది ఊరి సొమ్ము. సరే, ఎవరి సొమ్ము ఎవరు తిన్నారో లెక్క చూద్దాం. నా లెక్క మా జేజి దగ్గర మొదలవుతుంది.

మాది ప్రకాశం జిల్లాలో ఒక మాదిగపల్లె. మా జేజి మంత్రసాని. ఊళ్ళో ఏ పెద్దింటి కోడలికి నొప్పులొచ్చినా అర్ధరాత్రనక జీతగాడు పల్లెకి పరిగెత్తుకొచ్చేవాడు. జేజి కొప్పు ముడేసుకుని పోయేది. వాకిట్లోంచి కాదు, పెరటి దారిన. అడ్డం తిరిగిన బిడ్డని సరిచేసేది ఆ చెయ్యే. బొడ్డు కోసేది ఆ చెయ్యే. మాయ పూడ్చేది, నెత్తుటి గుడ్డలు ఉతికేది ఆ చెయ్యే. పురిటి స్నానం అయిపోయిందా, ఆ చెయ్యి మళ్ళీ అంటు. మానికెడు జొన్నలు, ఒక పాత కోక అరుగు మీంచి కింద పడేసేవాళ్ళు. జేజి కొంగు పట్టేది.

ఆరేడేళ్ళప్పుడు నేనూ జేజి వెంట పోయాను. మూడు నెలల కిందట తన చేతుల్లో పుట్టిన పిల్లాడు అరుగు మీద ఆడుతుంటే జేజి ఉండబట్టలేక బుగ్గ నిమిరింది. ఆ ఇంటి పెద్దామె ఏమీ అనలేదు. తిట్టనూ లేదు. పిల్లాణ్ణి ఎత్తుకుపోయి స్నానం చేయించింది. గోలెంలో చెంబు మునిగిన చప్పుడు మాకు వినిపించింది. దారిలో జేజి నాతో ఒక్క మాట మాట్లాడలేదు.

ఊళ్ళో సగం మందిని భూమ్మీదికి తెచ్చిన చెయ్యది. దానికి ఎవరు ఎంత కూలి ఇచ్చారు? ఆ లెక్క కట్టాక నా స్కాలర్‌షిప్పు సంగతి మాట్లాడండి.

మా పల్లెలో ఆడపిల్లలు ఎందుకు నర్సులయ్యారో మా నర్సింగ్ పుస్తకాల్లో రాయరు. మొదటి పాఠం దీపం పట్టుకున్న నైటింగేల్. సేవ, త్యాగం, ప్రేమ. 1897లో పూనా ప్లేగులో రోగుల్ని మోసుకొచ్చి, ఆ ప్లేగే అంటుకుని చచ్చిపోయిన సావిత్రిబాయి ఫూలే పేరు మా క్లాసులో ఎవరూ ఎత్తలేదు. అసలు సంగతి వేరే. మన జిల్లాల్లో మిషన్ వాళ్ళు ఆసుపత్రులు పెట్టారు. 1883లో గుంటూరొచ్చిన అమెరికా డాక్టరమ్మ అన్నా కుగ్లర్ లాంటి వాళ్ళు వైద్యం మొదలుపెట్టారు. మందులివ్వడానికి వాళ్ళున్నారు. మరి పరాయి మనిషి ఒళ్ళు తుడిచేదెవరు? చీము, నెత్తురు, మలమూత్రాలు ఎత్తేదెవరు? కులం ఉన్న ఇళ్ళవాళ్ళు మా ఆడపిల్లలు అలాంటి పని చెయ్యరన్నారు. విధవలు, అనాథలు, మాల మాదిగ పిల్లలు చేశారు. తెల్లబట్టలు, నెలజీతం, బోర్డింగులో అన్నం వాళ్ళకి దొరికాయి. అదే మా సేవాభావం. మా జేజి పెరటి దారే ఆసుపత్రి వరండా అయింది.

పౌండ్లు, డాలర్లు వస్తాయని తెలిశాక ఇప్పుడు ఆ వరండాలో అందరూ క్యూ కట్టారు. కట్టనీండి, మంచిదే. కాని వార్డులో డ్యూటీలు వేసేటప్పుడు కులం ఎక్కడికీ పోలేదు. పుళ్ళు పట్టిన ముసలివాళ్ళు, బెడ్‌పాన్లు, చచ్చిపోయిన శవాన్ని కట్టి పంపడం మాకు. మందుల ట్రాలీ, డాక్టరు పక్కన రౌండ్సు, రికార్డులు ఇంకొకళ్ళకి. అడిగితే "మీవైపు పిల్లలకి గట్టి గుండె, ఏదన్నా చెయ్యగలరు" అనేది మా ఇంచార్జి. అది మెచ్చుకోలని నేను చాలాకాలం నమ్మాను.

2016లో సుప్రీంకోర్టు చెప్పగా కేంద్రం వేసిన కమిటీ, ప్రైవేటు ఆసుపత్రుల్లో నర్సులకి నెలకి కనీసం 20 వేలు ఇవ్వాలని సిఫారసు చేసింది. అప్పుడు నా జీతం 9 వేలు. నా ఒరిజినల్ సర్టిఫికెట్లు ఆసుపత్రి బీరువాలో తాకట్టు.

ఇక 2020 వచ్చింది. కరోనా వార్డులో నెలల తరబడి చేశాను. జనం వాకిళ్ళలో నిలబడి చప్పట్లు కొట్టారు, పళ్ళాలు మోగించారు. అదే వారం మా ఇంటి ఓనరు గది ఖాళీ చెయ్యమన్నాడు. "నీ డ్యూటీ గురించేనమ్మా, ఇంకేం లేదు" అన్నాడు. రెండు అంటరానితనాలు ఒకేసారి తగిలాయి నాకు. రోగానిది రెండేళ్ళలో పోయింది. రెండోది ఇంకా ఉంది.

అప్పుడే అనుకున్నా, చదవాలని. ఇంకో బెడ్‌పాన్ ఎట్లా పెట్టాలో కాదు, ఆ బెడ్‌పాన్ నా చేతికే ఎందుకొస్తోందో చదవాలని.

మనవాళ్ళకి విదేశీ చదువు ఎవరో దయతలచి ఇచ్చింది కాదు. 1913లో బరోడా సంస్థానం నెలకి పదకొండున్నర పౌండ్ల చొప్పున మూడేళ్ళకి ఇచ్చి అంబేద్కర్‌ని అమెరికా పంపింది. తిరిగొచ్చి పదేళ్ళు కొలువు చెయ్యాలని రాయించుకుంది. 1917లో ఆయన తిరిగొచ్చి కొలువులో చేరితే బంట్రోతులు ఫైళ్ళు దూరంనుంచి విసిరారు. ఊళ్ళో అద్దెకి గది దొరకలేదు. పార్శీ సత్రంలో కులం దాచుకుని తలదాచుకుంటే కర్రలు పట్టుకొచ్చి వెళ్ళగొట్టారు. ఆ మనిషే 1942లో వైస్రాయికి వినతిపత్రం రాసి, మన పిల్లల్ని సైన్సు, టెక్నికల్ చదువులకి విదేశాలు పంపేందుకు ఏటా డబ్బు కేటాయించమని అడిగాడు. తనొక్కడు దాటిన గేటుని అందరికోసం పట్టుకుని నిలబడ్డాడు. స్వతంత్రం వచ్చాక 1954-55లో కేంద్రం నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ మొదలుపెట్టింది.

నేను అబద్ధం చెప్పను. 2021లో నన్ను పంపింది ఆ పథకమే. యూనివర్సిటీ ఫీజు, విమానం టికెట్టు, వీసా, ఇన్సూరెన్సు, బ్రిటన్‌లో బతకడానికి ఏడాదికి 9,900 పౌండ్లు అన్నీ అందులోనే. అది లేకపోతే నేను ఒంగోలు దాటేదాన్ని కాదు. అందుకే దాని కంతలు చెప్పే హక్కు నాకుంది. తిన్నవాళ్ళకే కదా అన్నంలో రాళ్ళు తెలిసేది!

ఏడాదికి 125 సీట్లు. అందులో 115 ఎస్సీలకి. 2011 జనాభా లెక్కల్లో మనం 20 కోట్లమందిమి. ఆ 115కి చుట్టూ కంచెలు. పీజీ, పీహెచ్‌డీలకే ఇస్తారు. మా పిల్లలు చేరేదేమో జీఎన్ఎంలో. త్వరగా జీతం వస్తుందని, ఇంట్లో అప్పు తీరుతుందని. అది డిప్లొమా. దాంతో పీజీ లేదు. మధ్యలో రెండేళ్ళ పోస్ట్ బేసిక్ బీఎస్సీ చెయ్యాలి. ఆ రెండేళ్ళు ఇంటికి జీతం ఎవరు పంపుతారు? డిగ్రీలో 60 శాతం రావాలి. నైట్ డ్యూటీలు చేస్తూ తెచ్చుకోవాలి. 35 ఏళ్ళు దాటకూడదు. చెల్లెలి పెళ్ళి, నాయన ఆపరేషను అయ్యేసరికి మనకి 35 దాటుతుంది. ప్రపంచంలో మొదటి 500 ర్యాంకుల్లో ఉన్న యూనివర్సిటీలోనే సీటు రావాలి. పల్లెలో ఎవరికి తెలుసు ఆ ర్యాంకులు? నాకు చెప్పింది ఫేస్‌బుక్‌లో పరిచయమైన ఒక అన్న.

ఆదాయం సర్టిఫికెట్టు కోసం ఆఫీసు చుట్టూ పదకొండుసార్లు తిరిగాను. పన్నెండోసారి గుమస్తా అన్నాడు: "నర్సుపనికి లండనెందుకమ్మా, ఇక్కడ రోగుల్లేరా?" ఇంజినీరింగ్ పిల్లాణ్ణి ఎవరన్నా అట్లా అడుగుతారా? ఇక్కడ ఇళ్ళు లేవా, బ్రిడ్జీలు లేవా అని?

ఇవన్నీ నేను దాటినవి. మా వదిన దాటలేనిది ఒకటుంది. అది చెప్పకపోతే ఈ రాత అబద్ధమవుతుంది.

మా వదినంటే మా మేనమామ కూతురు. నాకన్నా ఏడాది పెద్ద. ఒకే పల్లె, ఒకే బడి, ఒకే జీఎన్ఎం బ్యాచి, ఒకే పోస్ట్ బేసిక్. నాకు 64 శాతం, ఆమెకి 72. ఇంజక్షన్ వెయ్యడం నాకు నేర్పింది ఆమె. ఫారాలు ఇద్దరం కలిసే నింపడం మొదలెట్టాం. కులం సర్టిఫికెట్టు దగ్గర ఆమె ఆగిపోయింది. నాది ఎస్సీ మాదిగ. ఆమెది బీసీ-సీ.

దానికి కారణం చాలా పాతది. 1876-78 కరువులో ఒంగోలు మిషన్ దొర క్లౌ బకింగ్‌హామ్ కాలవ పనిలో మన మాదిగల్ని పెట్టి గంజి పోయించాడు. ఆ కరువు తరవాత 1878 జులై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మా అమ్మవాళ్ళ పెద్దలు ఆ రోజుల్లోనే మునిగారు. మా నాయనవాళ్ళ పెద్దలు మునగలేదు. భక్తి తక్కువై కాదు. మునిగితే డప్పు వదిలెయ్యాలన్నారు, మా ముత్తాత వదల్లేకపోయాడు. అదీ తేడా! ఒక మునక, ఒక డప్పు. మిగిలిందంతా ఒకటే. అదే చావిడి, అదే చెప్పులు కుట్టే గూటం, ఊరి టీకొట్లో అదే వేరే గ్లాసు. ఆ గ్లాసు ఇచ్చేవాడు ఏనాడూ బైబిలుందా అని అడగలేదు. 1950లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు అడిగింది. 1956లో సిక్కులైన దళితుల్ని, 1990లో బౌద్ధులైన దళితుల్ని కలుపుకుంది. క్రైస్తవుల్ని బయటే నిలబెట్టింది. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ ఈ మతం షరతు తీసెయ్యమంది. 2022లో బాలకృష్ణన్ కమిషన్ వేశారు. కమిషన్ల మీద కమిషన్లు. ఈలోగా మా వదినకి 35 దాటింది.

"నువ్వెళ్ళవే. ఒకళ్ళమన్నా పోదాం" అన్నది. నా ఫారం చివరి పేజీ ఆమె చేతిరాతే. తర్వాత వడ్డీకి అప్పు తెచ్చి ఏజెంటు చేతిలో పోసి గల్ఫ్ పోయింది. 72 శాతం వచ్చిన మనిషి అప్పు మీద పోయింది. 64 వచ్చిన మనిషి విమానం టికెట్టు మీద పోయింది. మెరిట్ గురించి మాట్లాడేవాళ్ళు ఇక్కడికొచ్చి మాట్లాడండి.

లండన్‌లో పార్లమెంటుకి ఎదురుగా, థేమ్స్ నది అవతలి ఒడ్డున సెయింట్ థామస్ ఆసుపత్రి ఉంది. 1860లో నైటింగేల్ నర్సింగ్ స్కూలు పెట్టింది ఆ ఆసుపత్రిలోనే, అది వేరే చోట ఉన్నప్పుడు. ఆ ఆసుపత్రి తోటలో 2016లో ఒక విగ్రహం నిలబెట్టారు. నైటింగేల్‌ది కాదు, మేరీ సీకోల్‌ది. జమైకా నల్లామె. క్రిమియా యుద్ధానికి నర్సుగా వస్తానంటే తీసుకోలేదు. తన ఖర్చులతో తనే పోయి సిపాయిల్ని చూసుకుంది. ఆ విగ్రహం ముందు నిలబడితే నాకు మా జేజి గుర్తొచ్చింది. జేజికి ఒక ఫొటో కూడా లేదు.

అక్కడ చదివిన ఒక సంగతి నన్ను నిద్రపోనివ్వలేదు. 1948 తర్వాత కరీబియన్ దీవులనుంచి వాళ్ళ ఆసుపత్రుల కోసం నల్ల అమ్మాయిల్ని పిలిపించుకున్నారు. వాళ్ళలో చాలామందిని మూడేళ్ళ రిజిస్టర్డ్ నర్సు చదువులోకి రానివ్వకుండా రెండేళ్ళ ఎన్‌రోల్డ్ నర్సు చదువులోకి తోశారు. పైకెక్కే మెట్టు లేని చదువు. సొంత దేశంలో చెల్లని కాగితం. మన జీఎన్ఎం పిల్లలే కళ్ళముందు ఆడారు. తేడా ఒక్కటే. 2015 నుంచి ఇంగ్లండు ప్రభుత్వ ఆసుపత్రులు దీన్ని ఏటా లెక్కకట్టి అచ్చేస్తున్నాయి. తెల్లవాళ్ళకి ఉద్యోగం ఎంత తేలిగ్గా వస్తోంది, నల్లవాళ్ళమీద, ఆసియావాళ్ళమీద క్రమశిక్షణ చర్యలు ఎంత ఎక్కువగా ఉన్నాయి, అన్నీ అంకెల్లో. లెక్కతో వివక్ష పోలేదు. కాని లేదని బుకాయించే వీలు పోయింది. నేను పనిచేసిన ఏ ఆసుపత్రిలోనూ ఏ కులం నర్సు ఏ డ్యూటీ చేస్తోందని రాసిన పుస్తకం లేదు.

లండన్ స్వర్గమని చెప్పడం లేదు. ఈస్ట్‌హామ్‌లో తెలుగువాళ్ళ ఇంట్లో గది తీసుకున్నా. రెండోరోజే "మీరేమిట్లు?" అన్నారు. చెప్పాను. ఎవరూ ఏమీ అనలేదు. వారం తిరక్కుండా వంటింట్లో నా గిన్నెలు వేరే అరలోకి పోయాయి. ఏడు సముద్రాలు దాటినా గోలెంలో చెంబు మునిగిన చప్పుడే.

నా థీసిస్ దానిమీదే రాశాను. వార్డులో ఏ పని ఎవరి చేతికొస్తుంది, ఎందుకొస్తుంది అని. మంచి మార్కులొచ్చాయి. దాన్ని ముందుకు తీసుకుపోతానని నా వెనకాల బ్యాచి పిల్ల ఒకతి తయారైంది. ఈలోగా 2022లో కొత్త నిబంధన వచ్చింది. భారతీయ సంస్కృతి, వారసత్వం, చరిత్ర, ఇండియా మీద సామాజిక పరిశోధన, ఈ విషయాలకి ఈ స్కాలర్‌షిప్పు ఇవ్వరంట. ఇండియా గురించి చదవడానికి ఇండియాలోనే పుస్తకాలు, గైడ్లు ఉన్నారు, బయటికెందుకన్నారు. ఆ పిల్ల టాపిక్ మార్చుకుంది. ఇప్పుడు ఇంకేదో చదువుతోంది. బాగానే చదువుతోంది.

అయ్యా, నాదొక ప్రశ్న. 1916లో కొలంబియా యూనివర్సిటీలో పాతికేళ్ళ అంబేద్కర్ చదివిన పేపరు పేరేంది? 'కాస్ట్స్ ఇన్ ఇండియా.' బరోడా రాజు ఆరోజు ఈ నిబంధన పెట్టుంటే ఆ పేపరుండేదా? రాజు పెట్టని షరతు రిపబ్లిక్ పెట్టింది!

దీనర్థం నాకు చాలా తేలిగ్గా తెలుస్తోంది. మా జేజి బొడ్డు కొయ్యొచ్చు, బుగ్గ నిమరకూడదు. నేను పుండు కడగొచ్చు, ఆ పుండు నా వాటాకే ఎందుకొచ్చిందని అడక్కూడదు. లండన్ పోయి చెయ్యి తిరిగిన నర్సుగా రావొచ్చు, నోరు తిరిగిన మనిషిగా రాకూడదు. చెయ్యి కావాలి, నోరొద్దు.

ఇక 2025లో చూడండి. 106 మందిని ఎంపిక చేశారు. మొదట 40 మందికే ఉత్తరాలిచ్చారు. మిగతా 66 మందికి నిధులుంటే ఇస్తామన్నారు. సీటు తెచ్చుకుని, ఉద్యోగాలు మానుకుని, ఊరందరికీ చెప్పుకున్న పిల్లలు వాళ్ళు. అరుగు కింద కొంగు పట్టుకుని నిలబెట్టడమంటే ఇదే. రాష్ట్ర పథకాలు చూద్దామంటే గవర్నమెంటు మారినప్పుడల్లా పేరు మారుతుంది.

మన అన్నలకీ ఒక మాట చెప్పాలి. మీరు ఎకనామిక్స్ చదివితే మేధావులు. లా చదివితే నాయకులు. నర్సింగ్ చదివిన చెల్లెలు మాత్రం మీటింగులో ఎవరికన్నా కళ్ళు తిరిగితే పిలవడానికి "సిస్టరమ్మ". మన పల్లెల్లో ఎన్ని ఇళ్ళు నర్సు జీతం మీద నిలబడ్డాయో, ఎంతమంది తమ్ముళ్ళు అక్క నైట్ డ్యూటీ డబ్బులతో పీజీలు చేశారో మీకు తెలీదా? ఉద్యమ చరిత్ర రాసేటప్పుడు ఆ తెల్లచీరలు ఏ పేజీలో ఉన్నాయో నాకు చూపించండి.

మాకేం కావాలో చెప్తా. జీఎన్ఎం పిల్లలు డిగ్రీ చేసే రెండేళ్ళూ ఇల్లు గడిచేట్టు స్టైపెండు ఇవ్వాలి. ఏం చదవాలో మేం చెప్తాం, ఆ 2022 షరతు తీసెయ్యాలి. ఎంపిక చేసినవాళ్ళకి చేసినరోజే డబ్బు ఖాయం చెయ్యాలి. మునిగినవాళ్ళు, మునగనివాళ్ళు అని మమ్మల్ని చీల్చొద్దు. ఇది బిచ్చం కాదు, బాకీ. మా జేజి కూలిలో మీరు మిగుల్చుకున్నదానికి ఇది వడ్డీ కూడా కాదు.

మొన్న రాత్రి డ్యూటీ మధ్యలో వదిన ఫోన్ చేసింది. అప్పు ఇంకా సగం ఉందంట. "నీ థీసిస్‌లో నన్ను రాశావా?" అనడిగింది. రాయలేదు. పేర్లు రాయకూడదు కదా, అన్నాను. "పేరెందుకే. నా మార్కులు రాయి" అన్నది.

రాశాను వదినా. 72 శాతం.

స్టాఫ్ రూములో నన్నడిగిన మేడమ్ గారూ, ఇదీ నేను చూసొచ్చిన లండన్. రేపు కలిసి అన్నం తిందాం రండి. మీ క్యారియర్‌లోంచి నేనో ముద్ద తీసుకుంటా. ఈసారి నవ్వడం మీ వంతు.